దూరపు పరుగు - ఇంటి బాధ్యత

‘ఆరోగ్యమే మహాభాగ్యము’ అని తెలుగు వాచకంలోనూ, ‘తందురుస్తీ హజార్ నేమత్ హై’ అని ఉర్దూ వాచకంలోనూ చదువుకొని ఈ కళాశాల గడప దాటిన వారము మేము. నలుగురము. ఇద్దరు ఉర్దూ మాధ్యమం వారు, ఇద్దరు తెలుగు మాధ్యమం వారు. చదువుకొను రోజులలో ఒకరి ముఖం ఒకరు ఎరుగుటయే గాని చెప్పుకోదగిన స్నేహం లేదు. ఆ స్నేహం ముప్పై అయిదేండ్ల వయస్సు దాటిన తరువాత, హుస్సేన్‌సాగరం ఒడ్డున, తెల్లవారుజామున పరుగెత్తుచు కలిసినది. నలుగురమూ సంసారులము. అందరికీ కలిపి ఏడుగురు పిల్లలు. వారిలో పెద్దవానికి పదేండ్లు. చిన్నదానికి ఇంకా రెండు నిండలేదు.

ఈ సంచికకు ఏదైనా వ్రాసి పంపవలసినదిగా సంపాదకవర్గం వారు కోరినప్పుడు, పరుగు వలన కలుగు లాభాలను గూర్చి వ్రాయుదమని కూర్చున్నాము. రెండు పుటలు వ్రాసినాము కూడా. అయితే, ఆ లాభాలు పొందినది ఎవరు, వాటి వెల చెల్లించినది ఎవరు అను ప్రశ్న మూడవ పుటలో అడ్డు వచ్చినది. ఆ రెండు పుటలనూ చింపివేసినాము. పాఠకులు చదువుచున్నది ఆ తరువాత వ్రాసినది.

మారథాన్ అనగా 42.195 కిలోమీటర్ల పరుగు. 1908 నాటి లండన్ ఒలింపిక్ క్రీడలలో పరుగెత్తించిన ఈ దూరమే 1921లో ప్రమాణంగా స్థిరపడినది. సాధారణ ఉద్యోగి ఒకడు దీనికి సిద్ధపడుటకు పదహారు వారాల సాధన కావలెనని లెక్క. వారానికి అయిదు రోజులు. నాలుగు రోజులు గంట చొప్పున, ఆదివారం నాడు మాత్రం రెండు గంటలతో మొదలై మూడు, మూడున్నర గంటల వరకు. కాగితం మీద వారానికి సుమారు ఏడు గంటలు. ఇరవై నాలుగు గంటల దినంలో, ఏడు దినాల వారంలో ఏడు గంటలు ఏపాటివి అని మేము కూడా ఇంటివారితో వాదించినాము.

కాగితం మీద లేని గంటలు వేరే ఉన్నవి. పరుగుకు ముందు బండి మీద పోవు సమయం, పరుగు తరువాత ఇరానీ హోటలులో చాయ్ త్రాగుచు ఆనాటి వేగాన్ని గూర్చి చేసుకొను చర్చ, స్నానం, తడిసిన బట్టలు. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల మొద్దు నిద్ర. ఆ నిద్ర చెడకుండ పిల్లలను మరొక గదిలోనికి తీసికొనిపోవు ఇల్లాలి శ్రమ. వేకువనే లేవవలెనన్న నెపంతో రాత్రి తొమ్మిదింటికే పడక చేరుట. పసిపిల్లలున్న ఇంట రాత్రి ఎనిమిది మొదలు పది వరకు ఎట్టి గంటలో తల్లులకు చెప్పనక్కరలేదు. అన్నం తినిపించుట, హోంవర్కు ముగించుట, పక్కలు వేయుట, నీళ్ళు కావాలన్నవానికి మూడుసార్లు నీళ్ళిచ్చుట, అన్నీ ఆ రెండు గంటలలోనే. మేము నలుగురము ఒకనాడు కూర్చుండి నిజాయితీగా లెక్క కట్టగా ఏడు గంటల పరుగుకు పన్నెండు గంటలు తేలినవి.

ఋతువును కూడా గమనింపవలె. మా నగరంలో మారథాన్ ఏటా ఆగస్టు నెలలో జరుగుతుంది. పదహారు వారాలు వెనుకకు లెక్కించిన మే నెల ఆరంభమగును. అనగా ఎండ నలభై డిగ్రీలు దాటు కాలం. పొద్దెక్కిన తరువాత పరుగెత్తుట ప్రాణం మీదికి తెచ్చుకొనుటయే గనుక నాలుగున్నరకే ఇల్లు విడువవలె. అదే కాలంలో పిల్లలకు వేసవి సెలవులు. పగలంతా ఇంటనే ఉంటారు. జూన్ రెండవ వారంలో బడులు తెరుస్తారు. పుస్తకాలకు అట్టలు, యూనిఫారములు, బూట్లు, పొద్దుటి టిఫిను డబ్బాలు ఒక్కసారిగా వచ్చి మీద పడతాయి. పరుగు దూరం కూడా సరిగ్గా అప్పుడే పెరుగుతుంది. జులైలో వానలు, దోమలు, జ్వరాలు. ముప్పై కిలోమీటర్ల పరుగులు కూడా జులైలోనే. ఎవరో పగబట్టి పంచాంగం చూచి పెట్టిన ముహూర్తం వలె ఉంటుంది.

అట్టి ఒక జులై ఆదివారం నాడు జరిగినదే మమ్ములను మార్చినది. మాలో ఒకరి మూడేండ్ల కుమారునికి శనివారం రాత్రి నుండి ఒళ్ళు వెచ్చగా ఉన్నది. ‘వెచ్చదనమే గదా, మందు వేసినాము గదా’ అని తండ్రి నాలుగింటికి లేచి వచ్చినాడు. చేతిలో ఫోను ఉంటే పరుగుకు అడ్డమని దానిని బండి డిక్కీలో పెట్టినాడు. ఆరున్నరకు బిడ్డకు జ్వరం పెరిగి ఫిట్సు వచ్చినది. తల్లి ఆటో పిలిచి, పెద్దపిల్లను పొరుగింట అప్పగించి, ఒంటరిగా ఆసుపత్రికి తీసికొనిపోయినది. ఆరు నెలల నుండి అయిదేండ్ల లోపు పిల్లలలో జ్వరంతో పాటు ఇట్లు ఫిట్సు వచ్చుట సాధారణమనీ, చాలవరకు హాని చేయదనీ వైద్యుడు చెప్పిన తరువాతనే ఆమె ప్రాణం కుదుటపడినది. ఆ సమయాన తండ్రి మాతో కలిసి ముప్పై కిలోమీటర్లు పూర్తి చేసి, చాయ్ కప్పు చేతబట్టి నవ్వుచున్నాడు. డిక్కీ తెరిచి చూచినప్పుడు పదకొండు కాల్స్ ఉన్నవి.

బిడ్డ సాయంత్రానికి లేచి ఆడుకొన్నాడు. ఆ ఇల్లాలు భర్తను ఒక్క మాట అనలేదు. తరువాతి శనివారం రాత్రి మాత్రం, ‘రేపు ఎన్నింటికి వస్తారు?’ అని అడిగి, ఆయన చెప్పిన వేళను వంటింటి క్యాలెండరు మీద పెన్సిలుతో వ్రాసుకొన్నదట. ఆ వ్రాత చూచిన తరువాత తనకు పరుగు మీద మనస్సు పోలేదని మా మిత్రుడు చెప్పినాడు. ఆ ఆదివారం మేము మువ్వురమే పరుగెత్తినాము, అదీ సగం దూరమే.

‘ఆరోగ్యం కోసమే గదా’ అను మాటను ఇక్కడ పరిశీలించుట అవసరం. ఇంట్లో ఎవరైనా ప్రశ్నించినప్పుడు మేము అడ్డుపెట్టుకొన్న డాలు ఇదియే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవారికి వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ గాని, 75 నుండి 150 నిమిషాల తీవ్ర శ్రమ గాని చాలును. కండరాల బలానికి చేయు వ్యాయామం రెండు రోజులు. అనగా ఆరోగ్యం కోరువానికి వారానికి రెండున్నర గంటల పరుగు సమృద్ధిగా సరిపోవును. మిగిలిన గంటలు ఆరోగ్యానివి కావు, ఆశవి. ఆశ తప్పు అని మేము అనుట లేదు. నలభై రెండు కిలోమీటర్లు తన కాళ్ళ మీద దాటి రావలెనన్న కోరిక మనిషికి ఉండదగినదే. కాని ఆ కోరికను ఆరోగ్యమని పేరు మార్చి ఇల్లాలి ముందు పెట్టుట కపటం. ఆరోగ్యాన్ని కాదనుటకు ఆమెకు నోరు రాదు. కోరిక అని చెప్పినచో ఆమె కూడా తన కోరికను చెప్పుకొనగలదు.

ఇక ‘తెల్లవారుజామున లేచినచో ఎవరికీ నష్టం లేదు, అందరూ నిద్రలోనే ఉంటారు’ అను ఉపదేశం. ఇది చెప్పువారికి రెండేండ్ల లోపు పిల్ల ఇంట్లో ఉండదని మా గట్టి నమ్మకం. పసిపిల్ల అయిదింటికే లేచును. లేచి ఏడ్చును. అప్పుడు లేవగల పెద్దమనిషి ఇంట్లో ఒక్కరే మిగులుతారు, ఆమె రాత్రి రెండుసార్లు పాలిచ్చుటకు లేచి ఉన్న మనిషే. ఉమ్మడి కుటుంబంలో ‘అమ్మ ఉన్నది, దాదీ ఉన్నది’ అందురు. అరవై అయిదేండ్ల మోకాళ్ళతో రెండేండ్ల పిల్ల వెంట పరుగెత్తుట కూడా ఒక మారథానే అని గుర్తుంచుకోవలె. దానికి పతకం ఇచ్చువారు లేరు.

మహా క్రీడాకారులను ఉదాహరణగా చూపుట మరొక అలవాటు. కెన్యా దేశపు ఎలియుడ్ కిప్‌చోగె 2022లో బెర్లిన్ నగరంలో 2 గంటల 1 నిమిషం 9 సెకండ్లలో మారథాన్ ముగించి తన రికార్డును తానే సవరించినప్పుడు ఆయన వయస్సు 37, ముగ్గురు బిడ్డల తండ్రి. మేము కూడా ఆయన చిత్రాన్ని ఫోనులో దాచుకొన్నవారమే. అయితే ఆయన వారంలో అధిక భాగం కప్తగాత్ అను ఊరి శిక్షణ శిబిరంలో ఉండి, వారాంతంలో మాత్రమే ఎల్డోరెట్‌లోని ఇంటికి వచ్చు అలవాటు పాటించినాడు. ఆ ఇల్లు నడిపినది ఆయన భార్య. పరుగు ఆయన వృత్తి, ఇంటిల్లిపాదికి జీవనాధారం. గనుక ఆ ఏర్పాటు వారికి తగినది. పరుగుకు రుసుము చెల్లించి, బూట్లకు జీతం ఖర్చు పెట్టి పరుగెత్తు మాబోటివారికి ఆ పోలిక ఎట్లు చెల్లును? ఆయన నుండి అనుకరింపదగినది ఒకటి ఉన్నది. అంత కీర్తి వచ్చిన తరువాత కూడా శిబిరంలో మరుగుదొడ్లు కడుగు వంతు వచ్చినప్పుడు తానే కడిగేవాడట. మేము నలుగురము మా చెమట బనియన్లను స్వయంగా పిండుకొనుట మొదలుపెట్టి ఇంకా రెండేండ్లు కాలేదు.

తల్లులైన క్రీడాకారిణుల కథ వేరు. జాస్మిన్ పారిస్ అను బ్రిటిష్ పశువైద్యురాలు 2019 జనవరిలో ఇంగ్లండు కొండల మీద 268 మైళ్ళ పోటీని 83 గంటల 12 నిమిషాలలో ముగించి, పురుషులతో సహా అందరికంటె ముందు వచ్చినది. అప్పటికి ఆమె కుమార్తెకు పద్నాలుగు నెలలు. దారిలో మజిలీలలో ఆగి బిడ్డ కోసం పాలు పిండి పెట్టినది. ఆమె భర్త కూడా కొండల మీద పరుగెత్తువాడే. సోఫీ పవర్ అను మరొక తల్లి 2018లో ఆల్ప్స్ పర్వతాలలో మౌంట్ బ్లాంక్ చుట్టూ సాగు పోటీలో, మజిలీ గదిలో కూర్చుండి మూడు నెలల బిడ్డకు పాలిచ్చుచున్న ఛాయాచిత్రం లోకమంతట తిరిగినది. ఆ చిత్రం చూచి అబ్బురపడినవారు కొందరు, ‘ఇంత పసిబిడ్డను పెట్టుకొని పరుగెందుకు’ అని నొసలు ముడిచినవారు కొందరు. ప్రక్కనే నేల మీద కాళ్ళు చాచి పడుకొన్న పురుష క్రీడాకారుడు కూడా ఆ చిత్రంలో ఉన్నాడు. అతనికి పిల్లలున్నారా, ఉన్నచో ఎవరి వద్ద వదలి వచ్చినాడు అని అడిగినవారు లేరు.

మమ్ములను కూడా ఎవరూ అడుగలేదు. పురుషుల మారథాన్ 1896 ఒలింపిక్స్‌లోనే ఉండగా స్త్రీల మారథాన్ 1984 వరకు, అనగా 88 సంవత్సరాలు వేచి ఉండవలసి వచ్చినదంటే కారణం స్త్రీల కాళ్ళలో బలం లేకపోవుట కాదు. దూరం ఎందుకు? ఈ కళాశాల మైదానంలోనే, మా కాలంలో 1500 మీటర్ల పరుగులో మూడేండ్లు వరుసగా మొదటి బహుమతి పొందిన విద్యార్థిని ఉండెడిది. ఆమె పరుగు చూచుటకు తరగతులు వదలి వచ్చెడివారము. ఆమె నేడు ఎక్కడైనా పరుగెత్తుచున్నదో లేదో మాకు తెలియదు. ఆనాడు గట్టు మీద కూర్చుండి వేరుశనగకాయలు తిన్న మేము నలుగురము పరుగెత్తుచున్నాము.

మేము చేసుకొన్న ఏర్పాటును చెప్పుటకు కొంత సంకోచం ఉన్నది, ఎందుకనగా అది గొప్ప ఏర్పాటు కాదు. నలుగురిలో ఏ సంవత్సరమైనా ఇద్దరికి మించి పూర్తి మారథానుకు పేరు ఇవ్వరాదని నిశ్చయించుకొన్నాము. ఇంట్లో రెండేండ్ల లోపు బిడ్డ ఉన్నవాడు సగం దూరంతో, అనగా 21 కిలోమీటర్లతో తృప్తి పడవలె. దానికి సాధన వారానికి నాలుగైదు గంటలు. ఫోను చేతికి కట్టుకొని పరుగెత్తవలె. పరుగు తరువాతి చాయ్ చర్చ పది నిమిషాలు. (ఈ నియమం తరచు తప్పుచున్నదని ఒప్పుకొనక తప్పదు.) ఆదివారం మధ్యాహ్నం నిద్ర రద్దు. అన్నిటికంటె ముఖ్యం, పరుగుకు తీసుకొన్న ప్రతి గంటకు ఒక గంట ఇంటికి తిరిగి ఇవ్వవలె. ఆ గంటలో ఇల్లాలికి ఏ పనీ ఉండరాదు, పిల్లల పూచీ పూర్తిగా తండ్రిదే.

ఈ చివరి నియమం అమలు చేసిన మొదటి నెల మాకు చాలా నేర్పినది. గంట దొరికిన ఒక ఇల్లాలు నిద్రపోయినది. ఆరు వారాలు వరుసగా నిద్రపోయినది. ఒకరు పుట్టింటికి పోయి తల్లి వద్ద ఊరక కూర్చుండి వచ్చినది. ఒకరు నడకకు బయలుదేరినది. నాల్గవ ఆమె, ‘నాకు గంట వద్దు. మీరు ఇంట్లో ఉన్నప్పుడు కూడా పిల్లలు ప్రతిదానికీ నన్నే పిలుస్తారు, అది మాన్పించండి చాలు’ అన్నది. గంటలు లెక్కించి ఇచ్చుటకంటె ఇది కష్టం. ఆ మిత్రుడు ఇంకా సాధన చేయుచునే ఉన్నాడు.

పరుగు తగ్గించినచో సంపాదించిన శక్తి పోవునని భయపడువారికి రంజాన్ మాసం మాకు జవాబు చెప్పినది. మాలో ఇద్దరు ఉపవాసం ఉంటారు. వారికి తోడుగా మిగిలిన ఇద్దరమూ ఆ నెల పరుగును సగం చేస్తాము. సహరీ కోసం వేకువజామున లేచి పొయ్యి వెలిగించు స్త్రీలు అదే నెలలో పిల్లలను బడికి కూడ పంపుచుండగా, మేము పరుగు పేరుతో ప్రత్యేక మర్యాద కోరుట సిగ్గుగా తోచినది కూడా. ఆ నెల గడచిన తరువాత రెండు మూడు వారాలలో కాళ్ళు తిరిగి దారికి వచ్చినవి. ఫౌజా సింగ్ మారథానులు మొదలుపెట్టినది ఎనభై దాటిన తరువాత. పరుగుకు తొందర లేదు. మా మిత్రుని చిన్న కూతురు మాత్రం గత శ్రావణంలో ‘అబ్బా’ అని పిలిచినది ఈ శ్రావణానికి ‘డాడీ’ అనుచున్నది.

కళాశాల పాలకవర్గం వారికి ఒక విన్నపం. మన మైదానం గేటుకు ఉదయం తొమ్మిది వరకు తాళం ఉంటుంది. పసిపిల్లలున్న తల్లిదండ్రులకు రోడ్డు పరుగు కష్టమగుటకు మొదటి కారణం, రోడ్డు మీద పరుగెత్తువాడు ఇంటికి అయిదారు కిలోమీటర్ల దూరంలో ఉండుట. మైదానం చుట్టూ పరుగెత్తువాడు ఎంత దూరం పరుగెత్తినా బిడ్డకు రెండు వందల మీటర్లకు మించి దూరం పోడు. భార్య పరుగెత్తునప్పుడు భర్త వేపచెట్టు క్రింద పిల్లలతో ఉండవచ్చును, ఆమె వచ్చిన తరువాత ఈయన పోవచ్చును. స్త్రీలకు చీకటి రోడ్డు భయం లేదు, వీధికుక్కల బెడద లేదు. పిల్లలు కూడా ఊరక ఉండరు. అయిదేండ్ల లోపు, నడక వచ్చిన పిల్లలకు రోజుకు మూడు గంటల కదలిక కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థయే 2019లో చెప్పినది. అపార్టుమెంటు వరండాలో అది ఎట్లు సాధ్యం?

ఉదయం అయిదున్నర నుండి ఏడున్నర వరకు విద్యార్థుల, అధ్యాపకుల, పూర్వవిద్యార్థుల కుటుంబాలకు గేటు తెరచినచో చాలును. కావలివాని రెండు గంటల అదనపు జీతం మేము భరించుటకు సిద్ధంగా ఉన్నాము. క్రికెట్ పిచ్ పాడగునని క్రీడల విభాగం వారు సందేహించవచ్చును. పిచ్ చుట్టూ త్రాడు కట్టిన అభ్యంతరం తీరును. వార్షిక క్రీడోత్సవంలో పూర్వవిద్యార్థుల పరుగు ఇప్పటికీ పురుషులకు మాత్రమే ఉన్నది. ఆ 1500 మీటర్ల బహుమతి గ్రహీతకు ఒక ఆహ్వానపత్రం పంపుటకు కార్యాలయపు పాత రిజిస్టరులో చిరునామా దొరకవచ్చును.

ఈ ఆగస్టు పోటీకి మాలో ఇద్దరి పేర్లు మాత్రమే నమోదైనవి. మూడవ పేరు నడకకు బయలుదేరిన ఇల్లాలిది, పది కిలోమీటర్లకు. ఆ ఆదివారం ఏడుగురు పిల్లలనూ చూచుకొను పని మిగిలిన ఇద్దరిది. ఎవరికి ఏ పాలసీసా, ఎవరికి కారం లేని ఉప్మా అని ఇప్పటికే అడిగి కాగితం మీద వ్రాసుకొన్నారు.